నాన్నగారు నడవగలిగే పేట ఏది? కొలిచి తేల్చడం ఎలా?

పద్మజ, హైదరాబాద్
శనివారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. ఇల్లు మారబోతున్నాం. నా ప్రశ్న మాత్రం ఇంటి గురించి కాదు, ఇంటి బయట నడక గురించి.

మా నాన్నగారికి 74 ఏళ్లు. మోకాలి ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైంది. రోజూ అరగంట తప్పకుండా నడవాలని డాక్టరు చెప్పారు. ఇప్పుడున్న ఇంటి ముందు ఆ వీలు లేదు. గేటు దాటితే నేరుగా రోడ్డు, బస్సులు ఒళ్లు రాసుకుంటూ పోతాయి. అందుకే మారుదామనుకున్నాం.

రెండు ఇళ్లు చూశాం. ఒకటి చిక్కడపల్లిలో. నాన్నగారు ఆ ప్రాంతంలోనే ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశారు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పేపర్లు చదవడం, సాయంత్రం త్యాగరాయ గానసభకు వెళ్లడం ఆయనకు ప్రాణం. రెండోది పుప్పాలగూడ వైపు గేటెడ్ కమ్యూనిటీలో. లోపల వాకింగ్ ట్రాక్, చెట్లు, బెంచీలు, సెక్యూరిటీ అన్నీ ఉన్నాయి. తమ్ముడు రెండోదే మంచిదంటున్నాడు. నేను మొదటిదంటున్నాను. వారం రోజులుగా ఇంట్లో ఇదే టెన్షన్.

నిన్న వాడు ఒక మాటన్నాడు. “అక్కా, నీకు అలవాటైన పేట కాబట్టి నీకలా అనిపిస్తోంది. కొలిచి చూపించు, ఒప్పుకుంటా” అని. ఒక పేట నడకకు ఎంత అనువుగా ఉందో నిజంగా కొలవచ్చా? దానికి పద్ధతి ఉందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

కిరణ్, సియాటిల్
శనివారం, ఉదయం 8:15

పద్మజక్కా, కొలవచ్చు. మా ఊళ్లోనే 2007లో వాక్ స్కోర్ అని మొదలైంది. ఏదైనా అడ్రసు ఇస్తే 0 నుంచి 100 లోపు ఒక మార్కు ఇస్తుంది. ఇక్కడ ఇల్లు కొనేవాళ్లూ అద్దెకు చూసేవాళ్లూ అందరూ ఆ అంకె చూస్తారు. 2014లో రెడ్‌ఫిన్ అనే ఇళ్ల అమ్మకాల కంపెనీ దాన్ని కొనేసింది.

లెక్క ఇలా ఉంటుంది. మీ ఇంటి నుంచి కిరాణా, బడి, పార్కు, హోటలు, బ్యాంకు లాంటివి ఎంత దూరంలో ఉన్నాయో చూస్తుంది. ఐదు నిమిషాల నడకలో, అంటే సుమారు 400 మీటర్ల లోపు ఉంటే పూర్తి మార్కులు. దూరం పెరిగేకొద్దీ మార్కులు తగ్గుతూ పోయి, అరగంట నడక దాటితే సున్నా. దానికి జనసాంద్రత, వీధి మలుపుల మధ్య దూరం, కూడళ్ల సంఖ్య కూడా కలుపుతారు. 90 దాటితే ఏ పనికీ కారు అక్కర్లేదని, 50 లోపుంటే చాలా పనులకు కారు కావాలని అర్థం.

అది అమెరికా, కెనడా లాంటి దేశాలకే తప్ప మనకు లేదు. కానీ పద్ధతి మీరు వాడుకోవచ్చు. కాగితం మీద నాన్నగారు వారంలో వెళ్లే పది చోట్లు రాయండి. ఒక్కోదానికీ ఎన్ని నిమిషాలో వేయండి.

రఘు, బెంగళూరు
శనివారం, ఉదయం 9:40

నేను మ్యాపుల పనిలో ఉన్నాను కాబట్టి ఒక జాగ్రత్త చెప్తాను. దూరాన్ని గీత గీసి కొలవకండి. వాక్ స్కోర్ వాళ్లు కూడా మొదట్లో కాకి ఎగిరినట్టు తిన్నగానే కొలిచేవాళ్లు. తర్వాత నడిచే దారి వెంబడి కొలవడం మొదలుపెట్టారు. ఈ తేడా గేటెడ్ కమ్యూనిటీల దగ్గర చాలా పెద్దది. గోడ అవతలే సూపర్ మార్కెట్ కనిపిస్తుంది, తిన్నగా 150 మీటర్లు ఉంటుంది. కానీ ఉన్న ఒకే ఒక గేటు అటు చివర ఉంటే, చుట్టు తిరిగి వెళ్లేసరికి కిలోమీటరు దాటుతుంది.

పరిశోధకులు వాడే ఇంకో సూచిక ఉంది. అమెరికాలో లారెన్స్ ఫ్రాంక్ బృందం తయారుచేసింది. అందులో నాలుగు కొలతలు: ఇళ్ల సాంద్రత, ఇళ్లు–దుకాణాలు–ఆఫీసులు ఎంత కలగలిసి ఉన్నాయన్నది, దుకాణం కట్టడానికీ దాని స్థలానికీ ఉన్న నిష్పత్తి, చదరపు కిలోమీటరుకు ఎన్ని కూడళ్లు అన్నది. చివరిదానికి రెండింతల విలువ ఇస్తారు. ఎందుకంటే కూడళ్లు ఎక్కువుంటే ఒక చోటికి వెళ్లడానికి దారులు ఎక్కువ, చుట్టు తిరుగుడు తక్కువ. దుకాణం నిష్పత్తి మొదట వింతగా అనిపిస్తుంది. స్థలంలో ఎక్కువ భాగం పార్కింగే అయితే ఆ నిష్పత్తి తగ్గుతుంది. అంటే ఆ షాపు కార్లో వచ్చేవాళ్ల కోసం కట్టింది.

ఈ రెండు పద్ధతుల్లోనూ చిక్కడపల్లికి మంచి మార్కులు వస్తాయి. ఇళ్లు దగ్గర దగ్గరగా, సందులు ఎక్కువ, ప్రతి వీధిలో దుకాణం. కానీ మీ నాన్నగారు అక్కడ హాయిగా నడుస్తారని దాన్ని బట్టి చెప్పలేం. ఈ సూచికలు మ్యాపు మీద కనిపించేవే కొలుస్తాయి. ఫుట్‌పాత్ ఉందా, దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ కూర్చుందా అన్నది వాటికి తెలియదు.

మూర్తి, విశాఖపట్నం
శనివారం, ఉదయం 11:05

అమ్మా పద్మజా, నేను రోడ్ల శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. రఘు చెప్పిన చివరి మాట దగ్గర మొదలుపెడతాను. మ్యాపు పక్కన పెట్టి ఒక టేపు కొనండి. ఐదు మీటర్లది చాలు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల సదుపాయాల మీద మార్గదర్శకాలు సవరించి ఇచ్చింది. ఐఆర్‌సీ 103 అంటారు. దాని ప్రకారం ఇళ్లున్న చోట ఫుట్‌పాత్ మీద నడవడానికి అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. తలకు ఏదీ తగలకుండా 2.2 మీటర్ల ఎత్తు వరకు ఖాళీగా ఉండాలి. రోడ్డు నుంచి ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. అంటే జానెడు కూడా లేదు. మన ఊళ్లలో అడుగు, అడుగున్నర ఎత్తున్న ఫుట్‌పాత్‌లు నేనెన్నో చూశాను. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి అది ఎక్కడు. రోడ్డు మీదే నడుస్తాడు. చూసేవాళ్లు “ఫుట్‌పాత్ ఉన్నా రోడ్డు మీదే నడుస్తారు మన జనం” అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు చాలా బాధేస్తుంది.

ఇంకోటి, ప్రతి ఇంటి ముందూ కారు లోపలికి ఎక్కడానికి వేసే ర్యాంపు. దానికోసం ఫుట్‌పాత్‌ను కోసేస్తారు. మనిషి పదడుగులు నడిచి దిగాలి, మళ్లీ ఎక్కాలి, మళ్లీ దిగాలి. అసలు ఫుట్‌పాత్ ఒకే మట్టంలో సాగిపోవాలి, కారే ఎక్కి దిగాలి. 100 మీటర్లలో ఎన్నిసార్లు ఎక్కి దిగాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అన్నింటికన్నా ముఖ్యమైన అంకె అదే.

2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 30 నగరాల్లో ఒక అధ్యయనం చేయించింది. అందులో నడక సూచిక ఉంది, చండీగఢ్‌కు మొదటి స్థానం వచ్చింది. ఆ లెక్కలో ఒక సగం, నగరంలో పెద్ద రోడ్ల పొడవులో ఫుట్‌పాత్ ఎంత పొడవుంది అన్నది. రెండో సగం, నడిచేవాళ్లు ఆ సదుపాయాలకు ఇచ్చే మార్కు. నగరాలను పోల్చడానికి అది సరిపోతుంది. మీకు కావలసింది మీ గుమ్మం నుంచి లైబ్రరీ గుమ్మం దాకా.

పద్మజ, హైదరాబాద్
శనివారం, రాత్రి 9:20

మూర్తి గారూ, మీరు చెప్పగానే టేపు కొన్నాను. సాయంత్రం నాన్నగారి నడక కూడా లెక్క చూశాను. వరండాలో పది మీటర్లు గుర్తు పెట్టి నడవమన్నాను. 14 సెకన్లు పట్టింది.

చిక్కడపల్లి ఇంటికీ లైబ్రరీకీ మధ్య మెయిన్ రోడ్డు దాటాలి. అది ఎలా కొలవాలి? నాకైతే అక్కడే భయం.

మూర్తి, విశాఖపట్నం
ఆదివారం, ఉదయం 5:30

పది మీటర్లకు 14 సెకన్లంటే సెకనుకు 0.7 మీటరు. చాలా మంచి పని చేశారు. ఈ అంకె ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

మన సిగ్నళ్లలో పాదచారి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్న అంచనాతో సమయం లెక్కిస్తారు. బయల్దేరడానికి 7 సెకన్లు, ఆపైన రోడ్డు వెడల్పును 1.2తో భాగించినంత సమయం. రోడ్డు మొత్తం 18 మీటర్లనుకుందాం. 15 సెకన్లు, దానికి 7 కలిపితే 22. మీ నాన్నగారికి 25 సెకన్లకు పైగా కావాలి. పచ్చ లైటు పడగానే కాలు కదిపినా, చివరి రెండు మూడు మీటర్ల దగ్గర ఉండగానే ఆయన మీదికి బండ్లు కదులుతాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 32,825 మంది పాదచారులు చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన లెక్క ఇది. రోజుకు 90 మంది దాకా.

సిగ్నల్ లేని చోటైతే ఇంకో సంగతి చెప్పాలి. జీబ్రా క్రాసింగ్ దగ్గర రక్షణ ఏర్పాటు కావాలా వద్దా అన్నదానికి మేం వాడే సూత్రం ఒకటుంది. గంటకు దాటే మనుషుల సంఖ్యను, వెళ్లే బండ్ల సంఖ్య వర్గంతో గుణిస్తాం. డివైడర్ లేని రోడ్డు మీద అది పది కోట్లు దాటాలి. ఉదాహరణకు గంటకు 1000 బండ్లు పోయే రోడ్డైతే, 100 మంది దాటాలి.

నా సర్వీసులో ఒక బడి ముందు ఇలా లెక్క తీశాం. 60 మందే దాటారు. సూత్రం ప్రకారం అవసరం లేదని రాసి పంపాను. తర్వాత ఒక అమ్మ వచ్చి నన్ను అడిగింది. “సార్, ఆ రోడ్డు దాటించడానికి భయపడే కదా మేమందరం పిల్లల్ని ఆటోలో పంపిస్తున్నాం. మీరు మమ్మల్ని లెక్కపెట్టారా?” అని. నేను లెక్కపెట్టలేదు. దాటినవాళ్లనే లెక్కపెట్టాను. దాటలేక ఆగిపోయినవాళ్లు నా కాగితంలో లేరు. ఆ మాట నన్ను ఇరవై ఏళ్లుగా వదల్లేదు.

కాబట్టి మీరు మెయిన్ రోడ్డు దగ్గర అరగంట నిలబడండి. ఎంతమంది దాటారో రాయండి. అంచు దాకా వచ్చి, చూసి, వెనక్కి తిరిగినవాళ్లను వేరే గడిలో రాయండి.

లక్ష్మి, చెన్నై
ఆదివారం, ఉదయం 10:10

మూర్తి గారూ, మీ పోస్టు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ అమ్మ ప్రశ్న మా ప్రజారోగ్య తరగతిలో మొదటి పాఠంగా చెప్పాల్సింది.

నా వైపు నుంచి రెండు విషయాలు. ఒకటి, మనుషుల్ని అడిగి కొలిచే పద్ధతి. నివాస ప్రాంతం నడకకు ఎలా ఉందో అక్కడి వాళ్లనే అడిగే ప్రశ్నావళి ఒకటి అమెరికాలో 2003లో వచ్చింది, న్యూస్ అని పిలుస్తారు. దాన్ని మన పరిస్థితులకు తగ్గట్టు మార్చి, ఇక్కడ చెన్నైలోనే పరీక్షించారు. దుకాణాలు దగ్గరున్నాయా, వీధి దీపాలున్నాయా, రాత్రి నడవడానికి భయమా, ట్రాఫిక్ వల్ల ఇబ్బందా అని అడుగుతుంది. ఒకే వీధికి మగవాళ్లు ఒక మార్కు, ఆడవాళ్లు ఒక మార్కు ఇవ్వడం నేను కళ్లారా చూశాను. కాబట్టి పద్మజ గారూ, మీరొక్కరే మార్కులు వేయకండి. నాన్నగారిని వేయమనండి, అమ్మగారు ఉంటే ఆవిణ్ని కూడా.

రెండోది, ఆసియా నగరాల్లో వాడిన పద్ధతి. హోలీ క్రాంబెక్ అనే ఆవిడ 2006లో తయారుచేసిన అంతర్జాతీయ నడక సూచికను కొద్దిగా మార్చి వాడారు. వీధిలో నడుస్తూ తొమ్మిది అంశాలకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయాలి. నడిచేవాళ్లూ బండ్లూ ఒకే దారిలో పడుతున్నారా, నడకదారి ఉందా, దాటే చోట్లు ఉన్నాయా, అక్కడ భద్రత ఎంత, బండి నడిపేవాళ్ల తీరు, దీపాలు–నీడ–కూర్చునే చోటు లాంటి వసతులు, వికలాంగులకు ఏర్పాట్లు, అడ్డంకులు, దొంగలూ పోకిరీల భయం. ఇది మీకు సరిగ్గా సరిపోతుంది.

మా పాండీ బజార్‌లో 2019లో ఫుట్‌పాత్‌లు బాగా వెడల్పు చేశారు. ముందు అక్కడికి వెళ్తే కొనాల్సినవి కొనేసి పారిపోయి వచ్చేదాన్ని. ఇప్పుడు మా అత్తగారు బెంచీ మీద కూర్చుని గంటసేపు మనుషుల్ని చూస్తారు.

అన్వర్, హైదరాబాద్ పాతబస్తీ
ఆదివారం, మధ్యాహ్నం 1:45

లక్ష్మి గారూ, తొమ్మిదింట్లో “అడ్డంకులు” అన్నదాని మీద నాకు అభ్యంతరం ఉంది. ఈ సర్వేలు చేసేవాళ్లు తోపుడు బండి కనిపిస్తే చాలు మార్కు తగ్గిస్తారు. చార్మినార్ చుట్టూ కార్లూ ఆటోలూ రాకుండా ఆపి నడకకు వదిలారు. అక్కడ గాజులవాళ్లు, పండ్లవాళ్లు, ఇత్తరు అమ్మేవాళ్లు లేకపోతే ఎవరు నడుస్తారు? మా చెల్లెలు ట్యూషన్ నుంచి రాత్రి తొమ్మిదికి వస్తుంది. మలుపులో మిర్చి బజ్జీల బండి ఉంది కాబట్టి మేం నిశ్చింతగా ఉంటాం. ఆ అన్న సెలవు పెట్టిన రోజు మా నాన్న ఎదురెళ్తారు. మీ లెక్కలో ఆ బండి అడ్డంకి. మా లెక్కలో అదే వీధి దీపం, అదే కాపలా. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. వాళ్లకూ ఆ వీధి మీద హక్కుంది.

శ్రీను, విజయవాడ
ఆదివారం, సాయంత్రం 4:30

అన్వర్ భాయ్, మీ మాటతో సగం ఏకీభవిస్తాను. మా అమ్మ వీల్‌చైర్‌లో ఉంటుంది. బీసెంట్ రోడ్డుకు తీసుకెళ్లమని అడుగుతుంది, పండక్కి చీర తనే చూసి కొనుక్కోవాలని. పండగ రోజుల్లో అక్కడ వీల్‌చైర్ వెళ్లే సందు దొరకదు. అడుగడుగునా “కొంచెం జరగండి, కొంచెం జరగండి” అంటూ వెళ్లాలి. మూడో బండి దగ్గరికి వచ్చేసరికి అమ్మ “ఇంటికెళ్దాం రా నాన్నా” అంటుంది. ఆ చిన్నబోయిన మొహం నేను చూడలేను. వ్యాపారులు నాకు శత్రువులు కాదు. కానీ అడ్డంకి అడ్డంకే.

మూర్తి, విశాఖపట్నం
ఆదివారం, రాత్రి 7:00

ఇద్దరి మాటా నిజమే, ఇద్దరినీ కొలవచ్చు. ఫుట్‌పాత్ వెడల్పును మూడు పట్టీలుగా చూడాలి. గోడను ఆనుకున్న పట్టీ, నడిచే పట్టీ, రోడ్డు వైపు చెట్లూ స్తంభాలూ ఉండే పట్టీ. తోపుడు బండి మూడో పట్టీలో ఉంటే అది వసతి కిందికి వస్తుంది. నడిచే పట్టీలోకి వచ్చి 1.8 మీటర్లు మిగలకపోతే అడ్డంకి. వీల్‌చైర్లు రెండు ఎదురెదురు తప్పుకోవాలన్నా దాదాపు అంతే కావాలి. కాబట్టి తోపుడు బండ్ల సంఖ్య రాయకండి. బండి పక్కన మిగిలిన వెడల్పు రాయండి.

మా అనుభవంలో నడిచే పట్టీని ఎక్కువ మింగేది తోపుడు బండి కాదు, నిలిపి ఉంచిన కార్లూ బైకులూ. వాటిని అడ్డంకుల జాబితాలో మొదట రాయండి.

భాస్కర్, హనుమకొండ
ఆదివారం, రాత్రి 8:25

నేను పుట్టుకతో చూపు లేనివాణ్ణి. స్క్రీన్ రీడర్‌తో మీ చర్చ మొత్తం విన్నాను. నా పాయింటు ఒక్కటే.

ఫుట్‌పాత్ మీద పసుపు రంగు గరుకు పలకలు చూస్తుంటారు. నిలువు గీతలున్నవి “ముందుకు వెళ్లు” అని చెప్తాయి. బొడిపెలున్నవి “ఆగు, ఇక్కడ ఏదో మార్పుంది” అని. సర్వేలో ఆ పలకలు ఉన్నాయా అని అడిగి, ఉంటే మార్కు వేసేస్తారు. వాటి మీద బైకు పెట్టి ఉంటే అవి నన్ను తిన్నగా ఆ బైకు దగ్గరికే తీసుకెళ్తాయి. ఒకసారి ఒక ఊళ్లో కొత్తగా వేసిన పలకల వెంట నమ్మకంగా వెళ్లి కరెంటు స్తంభానికి నుదురు కొట్టుకున్నాను. మూడు కుట్లు పడ్డాయి. పలకలు లేకపోతే నేను జాగ్రత్తగా కర్ర తడుముకుంటూ వెళ్లేవాణ్ణి.

ఉందా లేదా అని కాదు, చివరిదాకా తీసుకెళ్తుందా అని అడగండి. కళ్లకు గంతలు కట్టుకుని ఒక మనిషి చేయి పట్టుకుని 50 మీటర్లు నడిచి చూస్తే మీ మార్కులు మారిపోతాయి.

రఘు, బెంగళూరు
ఆదివారం, రాత్రి 10:50

భాస్కర్ గారి మాట విన్నాక నా లెక్క మార్చుకుంటున్నాను. మేమందరం చేసే తప్పు సగటు తీయడం. కిలోమీటరు వీధిలో 900 మీటర్లు చక్కగా ఉండి 5 మార్కులు వచ్చి, మిగిలిన 100 మీటర్లలో మూత లేని మ్యాన్‌హోల్ ఉండి 1 వస్తే సగటు 5కి 4.6 వస్తుంది. కానీ ఆ దారిన పెద్దాయన వెళ్లలేడు. అంటే ఆయన వరకు ఆ దారి మార్కు 1.

పద్మజ గారూ, దారిని 100 మీటర్ల ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకూ ఒక వరుస పెట్టండి. మిగిలిన వెడల్పు, ఎక్కి దిగిన మెట్లు, కూర్చునే చోటు, నీడ, దీపం. మొత్తం కూడకండి. అన్నిటికన్నా తక్కువ మార్కు వచ్చిన ముక్క ఏదో దాన్నే దారి మొత్తానికి మార్కుగా తీసుకోండి. మూడు వేళల్లో కొలవండి. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ఒకసారి, వాన పడ్డ రాత్రి ఒకసారి. మన ఎండలకు నీడ లేని 300 మీటర్లు పెద్దవాళ్లకు కిలోమీటరుతో సమానం. బయటి దేశాల సూచికల్లో దీనికి తగినంత చోటు లేదు.

మూర్తి, విశాఖపట్నం
సోమవారం, ఉదయం 5:45

కూర్చునే చోటు అన్నాడు రఘు. బెంచీలే వెతకకండి. పాత పేటల్లో ఇళ్లకు అరుగులు ఇంకా మిగిలే ఉన్నాయి. గుడి మెట్లు, టీ కొట్టు బల్ల, చెట్టు చుట్టూ కట్టిన గట్టు కూడా రాయండి. రెండు అరుగుల మధ్య దూరం మీ నాన్నగారు ఆగకుండా నడవగలిగేంత ఉందా అన్నది చూడండి.

కిరణ్, సియాటిల్
సోమవారం, ఉదయం 7:30

మా అమ్మానాన్నా పోయినేడు ఇక్కడ ఆరు నెలలున్నారు. మేముండేది ఊరి బయట. మా అడ్రసుకు వాక్ స్కోర్ 30 లోపే. కానీ ఫుట్‌పాత్‌లు అద్దంలా ఉంటాయి. ఐదడుగుల వెడల్పు, ప్రతి మలుపులో ర్యాంపు, చెట్ల నీడ. మూర్తి గారి టేపుతో కొలిస్తే నూటికి నూరు. అమ్మ మొదటి వారం రోజూ నడిచింది. తర్వాత మానేసింది. ఎందుకమ్మా అంటే, “ఎంత దూరం పోయినా మనిషి కనబడడు. కొనడానికి కొత్తిమీర కట్ట కూడా లేదు. ఎక్కడికని నడవను?” అంది.

కాబట్టి మ్యాపు లెక్కను తీసెయ్యకండక్కా. రెండూ కావాలి.

పద్మజ, హైదరాబాద్
మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:15

ఆలస్యానికి క్షమించండి. అందరూ చెప్పినవన్నీ చేశాను. ఇవి చిక్కడపల్లి లెక్కలు.

చూసిన ఇంటి నుంచి లైబ్రరీకి నడిచే దారిలో 700 మీటర్లు. ఏడు ముక్కలు. సందుల్లో నాలుగు ముక్కలకు ఫుట్‌పాతే లేదు, కానీ బండ్లు నెమ్మదిగా వెళ్తాయి. నాన్నగారు ఐదుకు నాలుగు వేశారు, నేను మూడు వేశాను. కూర్చునే చోట్లు పదకొండు దొరికాయి. అందులో ఐదు అరుగులు. ఒక అరుగు మీద నాన్నగారికి పాత సహోద్యోగి కనిపించి, కొలత అరగంట ఆగిపోయింది. మధ్యాహ్నం నీడ మూడు ముక్కల్లోనే ఉంది. వాన పడ్డ రాత్రి ఒక ముక్కలో చీలమండ లోతు నీళ్లు.

ఫుట్‌పాత్ ఉన్న రెండు ముక్కల్లో మిగిలిన వెడల్పు ఒకచోట 1.1 మీటర్లు, ఒకచోట 40 సెంటీమీటర్లు. 100 మీటర్లలో తొమ్మిదిసార్లు ఎక్కి దిగాలి. నాన్నగారు రెండుసార్లు ప్రయత్నించి రోడ్డు మీదికి దిగిపోయారు.

ఏడోది మెయిన్ రోడ్డు దాటడం. మేం దాటాల్సిన చోట సిగ్నల్ లేదు. ఉదయం తొమ్మిదింటికి అరగంట నిలబడ్డాను. 64 మంది దాటారు. అందులో అరవై ఏళ్లు దాటినట్టు కనిపించినవాళ్లు నలుగురే. అంచు దాకా వచ్చి వెనక్కి తిరిగినవాళ్లు 13 మంది. వాళ్లలో తొమ్మిదిమంది పెద్దవాళ్లు. ఒకావిడ చేతిలో పూల సంచీ పట్టుకుని మూడుసార్లు ముందుకొచ్చి మూడుసార్లు వెనక్కి వెళ్లింది. నేను వెళ్లి చేయి పట్టుకుని దాటించాను, అందుకే ఆవిణ్ని ఏ గడిలోనూ రాయలేదు. మెట్రో స్టేషన్ లిఫ్టు మీదుగా పైకెళ్లి అటు దిగడం కూడా చూశాం. నాన్నగారికి 11 నిమిషాలు పట్టింది. క్షేమమే, కానీ నడక శక్తంతా అక్కడే అయిపోయింది.

రఘు గారి నియమం ప్రకారం ఈ దారి మార్కు 1. నేను గెలవలేదు. తమ్ముడు కూడా తన వైపు కొలిచాడు, వాడినే రాయమన్నాను.

వంశీ, హైదరాబాద్
ఆదివారం, సాయంత్రం 6:50

నమస్కారం, నేను పద్మజక్క తమ్ముణ్ణి. మొదట్లో కొలవమని పంతానికి అన్నాను. తర్వాత మీ పోస్టులన్నీ చదివాను.

పుప్పాలగూడలో కమ్యూనిటీ లోపల ట్రాక్ 600 మీటర్లు. ప్రతి ముక్కకూ 5 వేయక తప్పదు. మెట్టు లేదు, నీడ ఉంది, 60 మీటర్లకో బెంచీ. గేటు బయట మాత్రం మొదటి ముక్కలోనే ఫుట్‌పాత్ ఆగిపోతుంది. మందుల షాపు తిన్నగా 200 మీటర్లు, దారిలో 900. మా స్నేహితుడి ఫ్లాటు అక్కడే కాబట్టి నాన్నను నాలుగు రోజులు ఉంచాం. మొదటి రోజు నాలుగు రౌండ్లు నడిచారు. రెండో రోజు రెండు. మూడో రోజు “గడియారంలో ముల్లులా ఉందిరా” అని బెంచీ మీద కూర్చున్నారు. నాలుగో రోజు ఇంట్లోంచే కదల్లేదు. కిరణ్ గారి అమ్మగారు అన్న మాట నాకప్పుడు గుర్తొచ్చింది.

ఇద్దరం కూర్చుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాం. చిక్కడపల్లి మార్కు 1కి పడిపోయింది ఆ రోడ్డు దాటడం దగ్గరే. అందుకని లైబ్రరీ ఉన్న వైపే ఇల్లు వెతికాం. చిన్నది, అద్దె రెండు వేలు ఎక్కువ. లైబ్రరీకి 450 మీటర్లు, మెయిన్ రోడ్డు దాటక్కర్లేదు. అన్నిటికన్నా తక్కువ ముక్కకు 3 వచ్చింది. నిన్న అడ్వాన్సు ఇచ్చేశాం.

లక్ష్మి, చెన్నై
ఆదివారం, రాత్రి 7:30

చాలా సంతోషం వంశీ గారూ. పద్మజ గారూ, మీరు ఇల్లు మార్చుకోగలిగారు. ఆ 13 మందీ రేపు ఉదయం కూడా అక్కడికే వచ్చి వెనక్కి వెళ్తారు కదా. ఆ కాగితం బీరువాలో పెట్టేయకండి.

పద్మజ, హైదరాబాద్
ఆదివారం, రాత్రి 8:10

పెట్టను లక్ష్మి గారూ. వార్డు ఆఫీసుకూ ట్రాఫిక్ పోలీసులకూ ఇవ్వడానికి ఉత్తరం రాశాను. చూసి చెప్పండి:

“ఫలానా చోట మెయిన్ రోడ్డు వెడల్పు 18 మీటర్లు. 74 ఏళ్ల మా నాన్నగారు సెకనుకు 0.7 మీటరు నడుస్తారు. ఉదయం అరగంటలో 64 మంది దాటగా, 13 మంది దాటలేక వెనుదిరిగారు. దయచేసి ఇక్కడ పాదచారుల సిగ్నల్ ఏర్పాటు చేసి, వృద్ధులకు సరిపడా సమయం ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.”

మూర్తి, విశాఖపట్నం
సోమవారం, ఉదయం 5:20

ఉత్తరం బాగుందమ్మా. మూడు మార్పులు చేయండి.

“దయచేసి” తీసెయ్యండి. ఫుట్‌పాత్ మీద అడ్డు లేకుండా నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కింద ఉన్నదేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వాక్యం ఉత్తరం మొదట్లో పెట్టండి.

రెండోది, ఒక్క రోజు లెక్క చూపిస్తే “ఆ రోజు అలా జరిగింది” అంటారు. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే, నాకు తెలుసు. మూడు పనిదినాలు, ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట లెక్క తీయండి. బండ్లను కూడా లెక్కపెట్టాలి, అప్పుడే సూత్రంలో వేసి చూపించగలరు.

మూడోది, 64నూ 13నూ ఒకే వాక్యంలో రాయకండి. 13 మందికి వేరే పేరా ఇచ్చి, అందులో తొమ్మిదిమంది పెద్దవాళ్లని రాయండి.

అన్వర్, హైదరాబాద్ పాతబస్తీ
సోమవారం, ఉదయం 8:00

పద్మజక్కా, బండ్లు లెక్కపెట్టడానికి ఒక్కరు చాలరు, రోడ్డుకు ఒక్కో వైపు ఇద్దరు కావాలి. మంగళ, బుధ, గురు ఉదయాలు నేనూ మా చెల్లెలూ వస్తాం. ఎన్నింటికి, ఎక్కడ కలవాలో చెప్పండి.

పద్మజ, హైదరాబాద్
సోమవారం, ఉదయం 8:20

ఎనిమిదిన్నరకు, చిక్కడపల్లి మెట్రో స్టేషన్ లిఫ్టు దగ్గర. వంశీ కూడా వస్తాడు. వెనక్కి తిరిగేవాళ్ల గడి నాన్నగారు రాస్తామన్నారు. కుర్చీ తెస్తున్నాం.